పీట మాట, నా కడుపు మాట

ఒకటో పలుకు. అమావాస్య వెళ్ళిన మర్నాడు

రాసుకో. నా పేరు సూరాడ దానమ్మ. ఊరు పడవూరు. పాత ఊరిని సముద్రం మింగాక మావాళ్ళు నీళ్ళ మీద కట్టుకున్న తేలే ఊరు ఇది. నేను ఇక్కడికి కొత్త పెళ్ళికూతురిగా వచ్చాను, ఇప్పుడు ముసలిదాన్ని. నాకు అక్షరం ముక్క రాదు. అందుకే సభవాళ్ళు ఈ రాతపెట్టెను తెచ్చి నా గదిలో పెట్టారు. "నీ వాదన దీనికి సెప్పుకో, పున్నమి నాడు సభలో ఇంటాం" అన్నారు. నేను ఎలా మాట్లాడినా ఇది పుస్తకాల తెలుగులోకి మార్చి రాస్తుందట. మార్చుకోనీ. నా కోపాన్ని మాత్రం మెత్తబరచకూడదని, ఎదుటివాళ్ళు అన్న మాట వాళ్ళ నోటి నుంచి వచ్చినట్టే ఉంచాలని ముందే చెప్పాను. సరే అంది. దానికి ఆడగొంతు ఎందుకు పెట్టారో తెలియదు. పోట్లాడాలంటే మొహమాటంగా ఉంది.

నా వాదన ఒక్కటే. నన్ను కింది అంతస్తులోని మెత్తల గదికి పంపకూడదు.

మెత్తల గది ఎలా ఉంటుందో సభలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. దొడ్డికి వెళ్ళడం మీద అదుపు పోయినవాళ్ళను అక్కడ పడుకోబెడతారు. కింద మెత్త ఉంటుంది. అదే తడి పీల్చుకుంటుంది, అదే కడుగుతుంది, అదే ఆరబెడుతుంది. మనిషి రానక్కర్లేదు, పడుకున్నవాళ్ళు లేవనక్కర్లేదు. లేవనక్కర్లేదు కాబట్టి లేవరు. దిగినవాళ్ళు మళ్ళీ మెట్లెక్కి రావడం నేను చూడలేదు.

నాకు అదుపు పోయిందని మరుగుగదిలోని పీట చెప్పింది. పోయిందో లేదో నాకే తెలియడం లేదు. నా బాధ ఏమిటంటే, వెళ్దామని కూర్చుంటే రాదు. లేచి నడిస్తే ఆగదు. రాకపోవడం, ఆగకపోవడం ఒకే కడుపులో ఎలా ఉంటాయి? ఎవరైనా చెప్పండి.

రెండో పలుకు. అదే రోజు, అన్నం తిన్నాక

పీట సంగతి సరిగా చెప్పలేదు.

మునుపు మా మరుగుగదిలో నేల మీద గొంతుక్కూర్చునే పలక ఉండేది. గాలివానలు వెళ్ళాక దాన్ని తీసేసి తెల్లటి ఎత్తు పీట పెట్టారు. పడినదాన్ని ఆ పీట చూస్తుంది. చూసి తలుపు మీద దీపం వెలిగిస్తుంది. పచ్చ అయితే బాగున్నట్టు, పసుపు అయితే తేడా ఉన్నట్టు, ఎరుపు అయితే చెడినట్టు. ఆ మాట వంటశాలకు కూడా వెళుతుంది. వంటశాల ఆ మాటను బట్టి పళ్ళెం పంపుతుంది. నీకేం కావాలని మనిషిని అడగరు.

నేను లోపల ఏం చేశానో నడవలో నిలబడ్డవాళ్ళందరికీ దీపం పెట్టి చూపించాలా? అందుకని నడవ ఖాళీగా ఉన్నప్పుడే వెళ్ళేదాన్ని. మా నడవ ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? వచ్చినప్పుడు బిగబట్టుకున్నాను. బిగబట్టగా బిగబట్టగా రావడమే మానేసింది. మంచిదే, పీడా పోయిందనుకున్నాను. కొన్నాళ్ళకు కడుపు బల్లలా అయింది. ఆ తర్వాత ఒకరోజు వలలు ఆరేస్తుంటే చీర తడిసింది.

పరుగెత్తి వెళ్ళి కూర్చుంటే నాలుగు చుక్కలు నీళ్ళలా పడ్డాయి. ఎర్రదీపం. "నీళ్ళ విరేచనం. అదుపు తక్కువ" అని పీట చెప్పింది. గట్టిగా చెప్పింది, నడవంతా వినేలా.

అప్పటి నుంచి నా పళ్ళెంలోకి నాచు కూర రావడం లేదు. తెల్లన్నం, సగ్గుబియ్యం జావ, పక్కన కట్టుబిళ్ళ. విరేచనం కట్టడానికట. కట్టుబిళ్ళ వేసుకున్నకొద్దీ చీర ఎక్కువ తడుస్తోంది. చీర ఎక్కువ తడిసినకొద్దీ కట్టుబిళ్ళలు ఎక్కువ వస్తున్నాయి. నేనేమో నీళ్ళు తాగడం మానేశాను. లోపల నీళ్ళు లేకపోతే బయటికి నీళ్ళెలా వస్తాయి? అయినా వస్తున్నాయి.

మూడో పలుకు. నెలవంక కనబడిన రోజు

నాతో గదిలో ఉండేది నా మొగుడి చెల్లెలు లచ్చయమ్మ. మొగుడు పోయినా ఆడపడుచు మిగిలింది నాకు. ఇవాళ పొద్దున చీర ఉతుకుతుంటే తలుపు దగ్గర నిలబడింది.

"వొలే వొదినా, మళ్ళీ తడిపినావేటి? సుట్టూరా ఉన్న సముద్రం సాల్లేదా నీకు?"

"నోరు ముయ్యే. నీకు రాదేటి ఈ వొయిసు?"

"ఒస్తాది. ఒచ్చినప్పుడు నాను నీలాగ పీటతో పోట్లాడను. కింద మెత్త మీద పడుకొని పాటలింటాను."

"ఎల్లి పడుకో మరి. నా పేరు సెప్పుకొని ఎల్లు."

అంతలో ఆమె ముఖం మారింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నిజం సెప్పు. నువ్వు కిందకెల్లిపోతే ఈ గదిలో నాను ఒక్కదాన్నే ఎలగుండేది? తిట్టడానికైనా మనిసుండాల కదా."

తడి చీర చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నేను నవ్వానో ఏడ్చానో రాతపెట్టె రాయనక్కర్లేదు.

నాలుగో పలుకు. నెలవంక పెరుగుతుండగా, ఒక రోజు

సభపెద్ద గవరయ్య వచ్చాడు. నా మొగుడి తమ్ముడే, లచ్చయమ్మకు అన్న. నేను పడవూరు వచ్చినప్పుడు వాడికి చీమిడి ముక్కు. ఇప్పుడు సభపెద్ద. గుమ్మం బయటే నిలబడి గోడను చూస్తూ మాట్లాడాడు.

"వొదినా, ఆ ఇసయం... నాకు సెప్పడానికి నోరు రావడం నేదు."

"నోరు రాకపోతే ఎందుకొచ్చినావు? కూకో."

"కూకోనులే. పీట ఎర్రదీపం మీద ఎర్రదీపం పెట్టీసింది. రూలు పెకారం నర్సొచ్చి సూసి సంతకం పెడితే, నువ్వు కిందకి దిగిపోవాల. నీ మంచికే వొదినా. ఆడ సుబ్బరంగా ఉంటాది."

"నాను సుబ్బరంగా లేనేటి? నా సీర నాను ఉతుక్కుంటున్నాను."

"అదే కదా... ఆ సీర సంగతే..." అని మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

"గవరయ్యా, ఇటు సూడు. నాకేటైనాదో నువ్వు నన్ను అడిగినావా?"

"పీట సెప్పినాక అడగడమేటి వొదినా? సిగ్గుసేటు."

వెళ్ళిపోయాడు. వాడి మీద కోపమో జాలో తేల్చుకోలేకపోయాను. వాడు కింద ఉన్నవాళ్ళను కూడా ఎవరినీ అడిగి ఉండడు. అడిగితే ఏం చెబుతారో వినే ధైర్యం ఎవరికీ లేదు. నాకూ లేదు. నా స్నేహితురాలు ఒకతె మెత్తల గదికి దిగిపోయినప్పుడు నేనూ పీటనే నమ్మాను.

ఐదో పలుకు. మర్నాడు

నర్సు వచ్చింది. పేరు స్వరూప. గుట్టల మీది ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, మాట వేరేగా ఉంది. వచ్చీ రాగానే చేతిలో పలక చూసుకుంటూ, "పీట అంతా చెప్పింది అవ్వా. నీళ్ళ విరేచనాలు, అదుపు లేదు. నేను సంతకం పెడ్తే అయిపాయె" అంది.

చేతిలో ఉన్న చేపల బుట్ట విసిరాను. తగలలేదు. తగలకూడదనే విసిరాను.

పిల్ల బెదరలేదు. బుట్ట తీసి పక్కన పెట్టి, పలక మూసి, నా మంచం మీద నాకు ఎదురుగా కూర్చుంది. "సరే. పీటను పక్కకు పెడదాం. నువ్వు చెప్పు. ఏమైతుంది నీకు?"

ఇన్నాళ్ళూ అడగమని అరిచినదాన్ని, అడగగానే ఏం చెప్పాలో తెలియలేదు. "రాదు, ఆగదు" అన్నాను.

"రాదా, ఆగదా? రెండిట్ల ఏది?"

"రెండూను. నాకు తెలిస్తే నీతో ఎందుకు సెప్తాను?"

ఆ పిల్ల నుదురు ముడుచుకుంది. ఆమెకూ అర్థం కాలేదని తెలిసి కొంచెం తృప్తిగా అనిపించింది. ఆపైన ఒక్కొక్కటే అడిగింది.

"వస్తున్నదని ముందుగాల తెలుస్తదా?"

"తెలిస్తే ఎల్లనా? సీర తడిసినాకే తెలుస్తాది."

"గట్టిగ పోయింది ఎప్పుడు?"

"గట్టిగానా? గాలివానలు ఎల్లినాక... ఆ పీట పెట్టకముందు."

"అప్పటిసంది లేదా?" అంది. కళ్ళు పెద్దవయ్యాయి. "కడుపు ఎట్లుంటది?"

"లంగరు మింగినట్టు ఉంటాది."

రక్తం పడిందా, బరువు తగ్గావా, వాంతులు అవుతున్నాయా, నీళ్ళెన్ని తాగుతున్నావు, మూత్రం సరిగా వస్తోందా, ఏ బిళ్ళలు వేసుకుంటున్నావు అని అన్నీ అడిగింది. కట్టుబిళ్ళలు చూపించాను. వాటిని తిప్పి తిప్పి చూసి, "నన్ను కూడా పీట ఆగం చేసినట్టున్నది" అంది. నాకు చెప్పినట్టు లేదు, తనకు తానే చెప్పుకున్నట్టు ఉంది.

"పీట లోపలికి చూడదవ్వా. పడ్డదే చూస్తది. పడంది లోపల ఎంతున్నదో దానికి తెల్వది."

ఇందులో నాకు ఒక్క ముక్క బోధపడలేదు. అలా అనే చెప్పాను. చేత్తో చూడాలంది.

మా ఊళ్ళో వైద్యానికి చెయ్యి వెయ్యరు. నా పెళ్ళయిన కొత్తలో వచ్చిన పొక్కుల జబ్బు ముట్టుకున్నవాళ్ళనల్లా తీసుకుపోయింది. అప్పటి నుంచి అన్నీ గాజుకళ్ళే చూస్తాయి. వైద్యశాలలో చేతితొడుగులు కూడా లేవట. చేపలు కోసే గది నుంచి కొత్త జత, ఇంకా విప్పనిది, తెచ్చుకుంటానంది.

"నువ్వు ఊ అంటెనే. నొప్పయితే ఆపు అను, ఆపుత."

ఆలోచించుకుంటానన్నాను.

ఆరో పలుకు. సగం చంద్రుడి నాడు

ఆలోచించాను. ఊ అన్నాను.

లచ్చయమ్మను గుమ్మంలో అడ్డంగా నిలబెట్టాం. "లోపలికెవుడైనా తొంగి సూసినాడంటే కళ్ళు పీకీస్తాను" అని నడవలో అరిచింది. దీపం కన్నా దాని నోరే నయం. ఎందుకు అరుస్తోందో ఎవరికీ తెలియలేదు కదా.

ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోమంది. దుప్పటి కప్పింది. ముందు పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. ఎన్ని ఏళ్ళయిందో ఒక మనిషి చెయ్యి నా పొట్ట మీద పడి. వెచ్చగా ఉంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"ఇప్పుడు వేలు పెడ్తున్న అవ్వా. ఊపిరి ఇడువు."

గోడ వైపు చూశాను. గవరయ్య చూసిన గోడే. చూడటానికి అందులో ఏమీ లేదు.

"రాయి లెక్క ఉన్నది" అంది స్వరూప. "మొత్తం నిండిపోయింది. నీకు విరేచనాలు కావవ్వా. ఇది మలబద్ధకం."

"పిచ్చిగాని పట్టినాదేటి నీకు? మరి ఆ నీళ్ళేటి?"

"అడ్డం పడ్డదాన్ని దాటుకొని, పైనున్న పల్చటిది పక్కల పొంటి జారుతున్నది."

లేచి కూర్చున్నాను. అప్పుడు నాకు మా పాత ఊరి ఏరు కళ్ళ ముందుకు వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పడవలు దాటవు. నీళ్ళు మాత్రం మేటకు ఇటూ అటూ సన్నగా జారిపోతూనే ఉంటాయి. జారే నీళ్ళు చూసి ఏరు పొంగిందని ఏ బెస్తవాడైనా కట్ట వేస్తాడా? మేట తవ్వుతాడు. ఈ ఊరు నిండా బెస్తవాళ్ళే. నాకు వేసింది కట్టలే.

ఏడో పలుకు. దాని తర్వాత

వైద్యం రాసుకో. కింద ఉన్నవాళ్ళకు పనికొస్తుంది.

కట్టుబిళ్ళ ఆపించింది. గొట్టంతో నూనె పెట్టి, లోపలిది నానేదాకా పడుకోబెట్టింది. అంతా ఒక్కసారే లాగెయ్యకూడదట. నీళ్ళలో కలిపి తాగే పొడి ఇచ్చింది. ఆ పొడికి నీళ్ళు బాగా తాగాలి. నేను తాగనన్నాను, తాగించింది. చర్మం ఒరిసిపోయిన చోట మందు రాసి, సబ్బుతో రుద్దడం మానమంది.

పీట మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకు అందవు, గాలిలో వేలాడతాయి. అది చూసి ఆశ్చర్యపోయింది. "కాళ్ళు ఏలాడుతుంటే ఎట్ల వస్తదవ్వా?" అని చేపల పెట్టె బోర్లించి పాదాల కింద పెట్టింది. మోకాళ్ళు పైకి లేచాయి. ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముక్కకుండా కూర్చోమంది. పొద్దున గంజి తాగిన కాసేపటికి, వచ్చినా రాకపోయినా రోజూ కూర్చోవాలి. వస్తే బిగబట్టకూడదు. మంచం మీద పడుకుని కింద బిగించి, వదలమని కూడా చెప్పింది. లచ్చయమ్మ తనూ చేస్తోంది. చెయ్యడం లేదని బొంకుతోంది, ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఈ మధ్యాహ్నం మేట కదిలింది. ఎలా కదిలిందో చెప్పను. గోడ పట్టుకున్నాను. స్వరూప చెయ్యి కూడా పట్టుకున్నాను, దాని వేళ్ళు నలిగాయి. అయ్యాక ఒళ్ళు ఎంత తేలికైందంటే, ఊరు కదిలిందా నేను కదిలానా తెలియలేదు.

ఎనిమిదో పలుకు. పున్నమికి ముందు

ఇప్పుడు ఇంకో అయోమయం.

పొడికి అంతా కరిగి పల్చగా వస్తోంది. లోపల మిగిలిందంతా పోవాలి కాబట్టి అలాగే రావాలట. పీట అది చూసింది. ఎర్రదీపం మునుపు వెలిగి ఊరుకునేది, ఇప్పుడు ఆరుతూ వెలుగుతూ ఉంది. "తీవ్రం" అని అరుస్తోంది. వంటశాల నుంచి పిండిగంజి, పిడికెడు కట్టుబిళ్ళలు వచ్చాయి.

నేను బాగుపడ్డానా, చెడిపోయానా? కడుపు ఒకటి చెబుతోంది, దీపం ఒకటి చెబుతోంది. నిన్న ఒకసారి మళ్ళీ చీర తడిసింది కూడా. స్వరూపను నిలదీశాను. "ఇంకా కొన్ని దినాలు గట్లనే ఉంటదవ్వా. సాగిపోయిన తోలుసంచి మళ్ళ బిగుసుకోవాలె కదా" అంది. పున్నమి లోపల బిగుస్తుందా అని అడిగాను. "చెప్పలేను" అంది. చెప్పలేనని చెప్పే వైద్యాన్ని మొదటిసారి చూశాను. దాన్ని నమ్మాలో వద్దో తెలియలేదు.

ఆకలికి కళ్ళు తిరుగుతుంటే లచ్చయమ్మ తన పళ్ళెం నా ముందుకు తోసింది. నాచు కూర, దంపుడుబియ్యపు అన్నం. నా పిండిగంజి అది తాగింది. "తూ, దీన్నెలా తాగినావే ఇన్నాళ్ళు?" అని కట్టుబిళ్ళలు సముద్రంలోకి విసిరేసింది. చేపలకు ఏమవుతుందో మరి.

తొమ్మిదో పలుకు. పున్నమి, సభ అయ్యాక

సభలో ఏం జరిగిందో కూడా రాయమన్నారు. రాసుకో.

పైఅంతస్తు నిండిపోయింది. గవరయ్య మధ్యలో కూర్చున్నాడు. ఈ రాతపెట్టె నా పలుకులన్నీ చదివి వినిపించింది. మొగ, మేట అన్నచోట ముసలి బెస్తలు కొందరు తలలూపారు. వేలు పెట్టిన చోట అందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు.

స్వరూప లేచి తాను చేత్తో చూసిన సంగతి దాచకుండా చెప్పింది. "చెయ్యేసుడు తప్పయితే ఆ తప్పు నాది. కానీ సంతకం వెట్టను" అంది.

గవరయ్య ముఖం తుడుచుకున్నాడు. "వొదినా, నువ్వు సెప్పిందంతా ఇన్నాం. కానీ దీపం ఇయ్యాల పొద్దున్న కూడా ఎర్రగానే ఉన్నాది. నీకు అదుపున్నాదని మేం ఎలగ నమ్మాల? మనిసి మాట మీద తీర్పు ఎలగ సెప్తాం?"

"మనిసి మాట మీద కాకపోతే పీట మాట మీద సెప్తావా? ఆ పీటని కూకోబెట్టు నీ పక్కన."

కొందరు నవ్వారు. గవరయ్య నవ్వలేదు. వాడి బాధ వాడిది. కింది అంతస్తు మెట్లు అక్కడి నుంచి కనబడుతున్నాయి.

సరిగ్గా అప్పుడు లోపల ఏదో కదిలింది.

మొదట గుర్తుపట్టలేదు. నొప్పి కాదు, జారడం కాదు. కడుపులో కిందికి మెల్లగా బరువు దిగి, తలుపు దగ్గర నిలబడి, వెళ్దామా అని అడిగినట్టు. పీట రాకముందు రోజూ పొద్దున్నే వచ్చే కబురు అది. గాలివానల తర్వాత ఇదే రావడం.

నాకు భయం వేసింది. ఇంతమంది ముందు పోతుందేమో. స్వరూప చెప్పినట్టు బిగించాను. నిలబడింది. ఇంకొంచెం బిగించాను. ఆగింది. నేను ఆపితే ఆగింది.

"గవరయ్యా" అన్నాను, "నాకు దొడ్డికొస్తన్నాది."

ఆ మాట ఆ అంతస్తు మీద ఎవరూ అని ఉండరు.

"వొదినా..."

"ఇను. నాకొస్తన్నాదని నాకు తెలిసినాది. ఆపినాను, ఆగినాది. ఈ మాట పూర్తిగా సెప్పినాకే ఎల్తాను, సూడు. నాకు వొయిసైనాది, ఒంట్లో బాగోనేదు, మందులు వాడుతున్నాను. అప్పుడప్పుడు సీర తడుస్తాది, ఉతుక్కుంటాను. ఇంతకన్నా అదుపు ఈ సభలో ఎవుడికున్నాదో లేసి సెప్పమను. సెప్పీసినాను. ఇప్పుడు ఎల్తున్నాను. నానొచ్చేదాకా ఒక్కడూ లేవకూడదు."

నడిచాను. పరుగెత్తలేదు. సభ వదిలిన దారి మధ్యలోంచి, నెమ్మదిగా, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నడిచాను. ఒకచోట తడబడ్డాను కానీ ఆగింది. చేపల పెట్టె మీద కాళ్ళు పెట్టాను. ముందుకు వంగాను. ముక్కలేదు.

తీరిగ్గా కడుక్కుని వచ్చాను. పీట ఏదో అంటోంది, నిలబడి వినలేదు. తలుపు మీద ఏ రంగు వెలిగిందో తలెత్తి చూడలేదు.

తిరిగి వచ్చేసరికి అందరూ కూర్చునే ఉన్నారు. గవరయ్య ఒక్కడే లేచి నిలబడ్డాడు. ఇప్పుడు గోడను చూడలేదు, నన్నే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని, ఊరంతా వినేలా అడిగాడు:

"అయినాదా వొదినా?"

"అయినాది, బాబు."

"కడుపు తేలిగ్గా ఉన్నాదా?"

"ఉన్నాది."

"అయితే నువ్వు నీ గదిలోనే ఉంటావు" అని కూర్చోబోయాడు. నేను కూర్చోనివ్వలేదు.

"నన్ను అడిగినావు కదా, నీ నోరేటీ అరిగిపోలేదు కదా. స్వరూపని ఎంటబెట్టుకొని ఆ మెట్లు దిగు. కింద పడుకున్నోళ్ళ దగ్గర కూకొని, ఒక్కొక్కరినీ ఇదే మాట అడుగు."